లైను కలిసింది... అడ్రసేదీ?

2001, 2002 నాటి ఒక సాయంత్రాన్ని ఊహించుకోవచ్చు. ఏడు దాటింది. కాకినాడ బ్రాంచిలో అకౌంటెంటు ఆ రోజు అమ్మకాల లెక్కలు హైదరాబాదు హెడ్డాఫీసుకు పంపాలి. బల్ల మీద మోడెమ్, దాని వెనక గోడలోకి పోయే టెలిఫోను వైరు. డయల్ నొక్కగానే ముందు రింగు, తర్వాత కీచుమని ఒక కూత, ఆ వెంటనే గరగరమని రెండు మోడెమ్‌లూ ఒకదాన్నొకటి పలకరించుకునే చప్పుడు. అరనిమిషంలో అంతా సద్దుమణిగింది. స్క్రీన్ కింద మూలన రెండు బుల్లి కంప్యూటర్ బొమ్మలు వెలిగాయి. 'కనెక్టెడ్' అని వచ్చింది. హెడ్డాఫీసు సర్వర్‌లోని ఫోల్డర్ మాత్రం ఎంత నొక్కినా తెరుచుకోలేదు.

ఉన్న ఒక్క లైనూ మోడెమ్ చేతిలో ఉంది కాబట్టి కనెక్షన్ కట్ చేసి, హెడ్డాఫీసులో సిస్టమ్స్ చూసే కుర్రాడికి ఫోన్ చేశాడు.

"కనెక్టయిందండీ, ఏదీ ఓపెనవ్వట్లేదండీ."

"మళ్లీ డయల్ చెయ్యండి సార్. కనెక్టయ్యాక నల్ల విండో తెరిచి ఐపీకాన్ఫిగ్ అని కొట్టండి. వచ్చిన అంకెలు కాయితం మీద రాసుకుని, లైన్ కట్ చేసి నాకు చెప్పండి."

పది నిమిషాల తర్వాత మళ్లీ ఫోన్ మోగింది. "నూట అరవై తొమ్మిది పాయింట్ రెండు వందల యాభై నాలుగు పాయింట్..."

"ఆగండి సార్, మిగతాది అక్కర్లేదు. తప్పు మీ దగ్గర లేదు. ఇక్కడే ఉంది."

రెండు అంకెలు వినగానే అవతలి మనిషి అంత గట్టిగా ఎలా చెప్పగలిగాడు? డయలప్ సర్వర్లతో ఏళ్ల తరబడి పనిచేసిన వాళ్లందరికీ తెలిసిన విద్యే ఇది. వైద్యుడు మందుల సంచీ విప్పే ముందు నాడి చూస్తాడు. దూరాన ఉన్న కంప్యూటర్‌కు నాడి దాని ఐపీ అడ్రస్. అది ఎలా వచ్చింది, ఎవరిచ్చారు, ఎక్కడ ఆగింది అన్నది ఆ నాలుగు అంకెల్లోనే రాసి ఉంటుంది. చదవడం రాక ఎంతోమంది మోడెమ్‌లు మార్చారు, విండోస్ మళ్లీ ఎక్కించారు, టెలిఫోన్ లైన్‌మన్‌ను పిలిపించారు. వాటిలో చాలా కష్టం అనవసరంగా పడ్డదే.

ఇంట్లో ఫోన్‌కు నంబర్ ఉన్నట్టే కంప్యూటర్‌కూ ఐపీ అడ్రస్ ఉంటుందని చెప్పడం మామూలు. డయలప్ విషయంలో ఆ పోలిక సగమే నిజం. ఫోన్ నంబర్ శాశ్వతం. డయల్ చేసి లోపలికొచ్చే కంప్యూటర్‌కు అడ్రస్ లాడ్జిలో గది లాంటిది. వచ్చినప్పుడు కౌంటర్లో ఏ తాళం ఖాళీగా ఉంటే అది చేతిలో పెడతారు, వెళ్లేటప్పుడు వెనక్కి తీసుకుంటారు. ఆ తాళాల గుత్తినే అడ్రస్ పూల్ అంటారు. ఐపీ నాలుగో వెర్షన్‌లో అడ్రస్ పొడవు 32 బిట్లు, అంటే ప్రపంచం మొత్తానికి కలిపి దాదాపు 430 కోట్లు. ఖాతాదారులు పదివేలమంది ఉన్నా ఒకే క్షణంలో లోపల ఉండేది మోడెమ్‌లు ఎన్ని ఉంటే అంతమందే. కాబట్టి మోడెమ్‌కు ఒక అడ్రస్ చొప్పున ఉంచుకుంటే సరిపోతుంది. 430 కోట్ల నిల్వ 2011 ఫిబ్రవరి 3న కేంద్ర ఖజానాలో అడుగంటే దాకా సాగిందంటే, ఇలా అద్దెకిచ్చి వెనక్కి తీసుకునే పద్ధతి పాత్ర అందులో తక్కువేమీ కాదు.

మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ తలుపు తెరిచింది విదేశ్ సంచార్ నిగమ్, 1995 ఆగస్టు 15న. అప్పటి కనెక్షన్లలో రెండు రకాలుండేవి. ఒకటి టీసీపీ ఐపీ ఖాతా. అందులో ఇంట్లోని కంప్యూటర్‌కే సొంతంగా అడ్రస్ వచ్చేది, బొమ్మలతో సహా వెబ్ పేజీలు కనపడేవి. రెండోది షెల్ ఖాతా. అందులో అడ్రస్ సర్వర్‌దే. ఇంట్లోని కంప్యూటర్ ఆ సర్వర్‌కు ఒక కీబోర్డూ తెరా మాత్రమే. అక్షరాలు వస్తాయి, బొమ్మలు రావు. విద్యార్థులకు చవగ్గా దొరికింది ఈ రెండోదే. ఒకే ఫోన్ లైను, ఒకే మోడెమ్. ఒక చిరునామా ఉండడం, లేకపోవడం అన్న తేడాతోనే ఒకరికి ఇంటర్నెట్, మరొకరికి అందులో కిటికీ మాత్రం దొరికాయి.

ఆ లోటు పూడ్చడానికి ప్రోగ్రామర్లు ఒక ఉపాయం కనిపెట్టారు. స్లర్ప్ అనే చిన్న ప్రోగ్రామ్‌ను షెల్ ఖాతాలో నడిపితే, అది సర్వర్‌లో కూర్చుని ఇంట్లోని కంప్యూటర్‌కు ఒక ఉత్తుత్తి అడ్రస్ చూపించి, దాని తరఫున తానే బయట బేరాలాడి తెచ్చిపెట్టేది. ఆ ఉత్తుత్తి అడ్రస్ 10.0.2.15. ఈనాడు ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ పెట్టుకుని అందులో లైనక్స్ నడిపే ఇంజనీరింగ్ విద్యార్థి తన అడ్రస్ చూసుకుంటే సాధారణంగా కనపడేది అదే 10.0.2.15. వర్చువల్‌బాక్స్ స్లర్ప్ కోడ్‌నే వారసత్వంగా తెచ్చుకుంది. డయలప్ రోజుల అడ్రస్ ఒకటి ఎవరికీ తెలియకుండా ఇప్పటికీ హాస్టల్ గదుల్లో బతికే ఉంది.

ఇంతకీ ఆ అడ్రస్ లైను మీదుగా ఎలా వస్తుంది? మొదట్లో స్లిప్ అనే పద్ధతి ఉండేది. 1988లో దాన్ని కాగితం మీద పెట్టారు. అది ఐపీ ప్యాకెట్లను ఫోన్ లైను మీదకి ఎక్కించేది, అంతే. అడ్రస్ ఇచ్చే ఏర్పాటు అందులో లేనే లేదు. రెండువైపులా మనుషులే ముందుగా మాట్లాడుకుని, అంకెలు చేత్తో టైపు చేసుకోవాలి. ఒక్క అంకె తప్పితే సాయంత్రమంతా వృథా. ఆ బాధ తీర్చడానికి వచ్చిందే పీపీపీ. ఇప్పటికీ ప్రమాణంగా ఉన్న దాని రూపం 1994 జులైలో వెలువడింది.

పీపీపీలో లైను కలవడం ఒక్క మెట్టు కాదు, కొన్ని మెట్లు. మోడెమ్‌ల గరగర ఆగాక, ముందు రెండు చివరలూ లింకు సంగతులు తేల్చుకుంటాయి: ప్యాకెట్ ఎంత పొడవుండాలి, పాస్‌వర్డ్ ఏ పద్ధతిలో అడగాలి వగైరా. రెండో మెట్టు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్. ఈ రెండూ దాటాకే మూడో మెట్టు, ఐపీసీపీ. అడ్రస్ వచ్చేది ఇక్కడే. ఈ వరస గుర్తుంటే సగం పని అయినట్టే. అడ్రస్ దాకా వచ్చి ఆగిందంటే ఫోన్ లైనూ బాగుంది, మోడెమ్ బాగుంది, పాస్‌వర్డూ సరైనదే. ఇక వాటి జోలికి పోనక్కర్లేదు.

ఐపీసీపీ సంభాషణ చిన్నది, చక్కనిది. లోపలికొచ్చే కంప్యూటర్ "నా అడ్రస్ 0.0.0.0, ఒప్పుకుంటారా?" అని అడుగుతుంది. నాలుగు సున్నాలంటే 'నాకు అడ్రస్ లేదు, మీరే ఇవ్వండి' అని అర్థం. సర్వర్ ఒప్పుకోదు. ఊరికే కాదనకుండా "అది కాదు, 192.168.1.112 అని అడుగు" అని సూచిస్తుంది. ఈ జవాబును నాక్ అంటారు. కంప్యూటర్ వెంటనే "నా అడ్రస్ 192.168.1.112, ఒప్పుకుంటారా?" అని మళ్లీ అడుగుతుంది. సర్వర్ ఆక్ పంపుతుంది, అంటే సరే అంటుంది. ఎదురుగా సర్వర్ కూడా తన అడ్రస్‌కు ఇలాగే ఒప్పుదల తీసుకుంటుంది. జవాబు రాకపోతే మూడేసి సెకన్లు ఆగి మళ్లీ అడగడం, పదిసార్లు అడిగి విరమించుకోవడం ప్రమాణంలో మామూలుగా పెట్టిన హద్దులు. అందుకే 'కనెక్టింగ్' దగ్గర అరనిమిషం నిలబడిపోయి ఆ తర్వాత తెగిపోయే కాల్ వెనక చాలాసార్లు వినిపించుకోని చెవి ఒకటి ఉంటుంది.

ఈ సంభాషణను కళ్లారా చూడవచ్చు. లైనక్స్‌లో పీపీపీడీ ప్రోగ్రామ్‌కు డీబగ్ అన్న మాట జోడిస్తే, పంపిన ప్రతి అడుగూ వచ్చిన ప్రతి జవాబూ లాగ్‌లో ఒక్కో వరసగా పడుతుంది. విండోస్ 2000లో ట్రేసింగ్ అనే ఫోల్డర్‌లో పీపీపీ లాగ్ తయారవుతుంది. సున్నాలు పంపినట్టు ఉండి నాక్ రాకపోతే సర్వర్ దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదని అర్థం. సున్నాల బదులు ఏదో సొంత అడ్రస్ పంపినట్టు ఉంటే, ఎవరో ఆ కంప్యూటర్‌లో అంకెలు చేత్తో నింపారని అర్థం. అప్పుడు విండోస్ 735 అనే పొరపాటు సంఖ్య చూపిస్తుంది: అడిగిన అడ్రస్‌ను సర్వర్ తిరస్కరించింది అని. డయలప్ కనెక్షన్ ప్రాపర్టీస్‌లో 'అడ్రస్ దానంతటదే తెచ్చుకో' అన్న గుండీకి మార్చితే చాలు. ఆఫీసు ల్యాన్‌లో వాడిన ల్యాప్‌టాప్‌ను ఇంటికి తెచ్చుకున్నవాళ్లు ఎక్కువగా ఇక్కడ చిక్కుకునేవారు.

735కు దగ్గర చుట్టం 738. సర్వర్ అడ్రస్ ఇవ్వలేదు అన్నదే దాని సందేశం. ఇంతకన్నా సూటిగా మాట్లాడే పొరపాటు సంఖ్య విండోస్‌లో అరుదు. తాళాల గుత్తి ఖాళీ అయిందనో, అసలు కట్టనే లేదనో అది చెబుతోంది. ఇక్కడొక చిన్న లెక్క చాలామందిని ముంచేది. విండోస్ ఎన్‌టీలో నలుగురు లోపలికి రావాలంటే నాలుగు అడ్రస్‌ల పూల్ చాలదు, అయిదు కావాలి. మొదటి అడ్రస్‌ను సర్వర్ తన సొంత చివరకు తీసేసుకుంటుంది.

720, 733 సంఖ్యలు వస్తే కథ వేరు. రెండు చివరల మధ్య నెట్‌వర్క్ భాషే కుదరలేదన్నమాట. ఎన్‌టీ రోజుల్లో ఇది ఇంకాస్త తికమక పెట్టేది. అప్పుడు టీసీపీ ఐపీతో పాటు నెట్‌బ్యూయీ, ఐపీఎక్స్ అనే మరో రెండు ప్రోటోకాల్‌లు కూడా ఒకే కాల్‌లో ప్రయత్నించేవి. ఐపీ విఫలమై నెట్‌బ్యూయీ కుదిరితే, ఒక పెట్టె తెర మీదికొచ్చి 'ఉన్నంతవరకు చాలంటారా, లైను పెట్టేయమంటారా' అని అడిగేది. చాలు అని నొక్కినవాడికి సర్వర్‌లోని ఫైళ్లు కనపడేవి, ఇంటర్నెట్ ఒక్కటే రాదు. సగం పనిచేసే ఆ స్థితి పూర్తిగా చెడిపోయినదానికన్నా ఎక్కువ ఏడిపించేది. ఆ పెట్టెలోనే 'విఫలమైన ప్రోటోకాల్ ఇకపై అడగొద్దు' అన్న గడి కూడా ఉండేది. పొరపాటున అందులో టిక్కు పెడితే, సర్వర్‌ను బాగుచేశాక కూడా ఆ ఒక్క కంప్యూటర్‌కు ఐపీ అడ్రస్ రాదు. అది అడగడమే మానేసింది మరి!

ఇక కాకినాడ కాయితం మీది 169.254 దగ్గరకు రావాలి.

విండోస్ 98 నుంచి ఒక ఏర్పాటు ఉంది. అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ పలకకపోతే, కంప్యూటర్ చేతులు ముడుచుకుని కూర్చోకుండా 169.254తో మొదలయ్యే అడ్రస్ ఒకటి తనకు తానే పెట్టుకుంటుంది. ఒకే గదిలో నాలుగు కంప్యూటర్లు పక్కపక్కన ఉంటే వాటికి ఇది పనికొస్తుంది. బయటి ప్రపంచానికి ఈ అడ్రస్ చెల్లదు, రూటర్లు దీన్ని దాటించవు. అయితే డయల్ చేసినవాడికి అడ్రస్ ఇచ్చేది ఎదుటి సర్వర్ కదా, ఇది వాడి చేతికి ఎలా వచ్చింది?

విండోస్ 2000 సర్వర్‌లో డయలప్ బాధ్యత రూటింగ్ అండ్ రిమోట్ యాక్సెస్ అనే సేవది. అందరూ దాన్ని ఆర్‌ఆర్ఏఎస్ అని పిలిచేవారు. అడ్రస్‌లు రెండు దారుల్లో తెచ్చుకొమ్మని దానికి చెప్పొచ్చు: ఒక స్థిరమైన పూల్ రాసివ్వడం, లేదా ఆఫీసు డీహెచ్‌సీపీ నుంచి తెచ్చుకొమ్మనడం. రెండో దారిలో అది ఒక్కొక్క కాలర్ వచ్చినప్పుడల్లా వెళ్లి ఒక్కొక్కటి అడగదు. సేవ మొదలవగానే పది అడ్రస్‌లు ఒకేసారి గంపగుత్తగా తెచ్చుకుంటుంది. మొదటిది తనకు, మిగతా తొమ్మిది వచ్చేవాళ్లకు. అవి అయిపోతే మరో పది. డీహెచ్‌సీపీ కన్సోల్ తెరిచి అద్దెల జాబితా చూస్తే ఈ పదీ ఒకే గుర్తుతో వరసగా కనపడతాయి. వాటి ఐడీ 52 41 53 20 అనే అంకెలతో మొదలవుతుంది. ఆస్కీ పట్టికలో, హెక్స్ లెక్కన, 52 ఆర్, 41 ఏ, 53 ఎస్, 20 ఖాళీ జాగా. అంటే రాస్ అని సర్వర్ తన పేరును సంకేతాల్లో రాసుకుందన్నమాట. ఈ నాలుగు జతలూ జాబితాలో కనపడకపోతే ఆర్‌ఆర్ఏఎస్ ఆ డీహెచ్‌సీపీ గడప తొక్కలేదని తేలిపోతుంది.

తొక్కకపోతే ఏం చేస్తుంది? అక్కడే ఉంది చిక్కు. అది కాల్స్ తీసుకోవడం ఆపదు. 169.254 అడ్రస్‌లే కాలర్లకు పంచుతూ పోతుంది. లైను కలుస్తుంది, పాస్‌వర్డ్ ఒప్పుతుంది, 'కనెక్టెడ్' వస్తుంది. పనిమాత్రం జరగదు. సర్వర్ తన ఈవెంట్ లాగ్‌లో మాత్రం నిజం రాసి పెడుతుంది. 20169 నంబరుతో ఒక హెచ్చరిక పడుతుంది. డీహెచ్‌సీపీ సర్వర్ అందలేదు, డయల్ చేసేవాళ్లకు ఆటోమేటిక్ ప్రైవేట్ అడ్రస్ ఇస్తాను, వాళ్లకు నెట్‌వర్క్‌లోని వనరులు అందకపోవచ్చు అన్నది దాని సారాంశం. ఎవరూ తెరవని లాగ్‌లో రోగం పేరు స్పష్టంగా రాసి ఉండడం ఈ రంగంలో మళ్లీమళ్లీ ఎదురయ్యే సంగతి.

హెడ్డాఫీసులో ఆ రోజు జరిగింది ఇలా ఉండి ఉంటుంది. మధ్యాహ్నం కరెంటు పోయింది. యూపీఎస్ కాసేపు మోసి చేతులెత్తేసింది. కరెంటు రాగానే అన్ని యంత్రాలూ ఒకేసారి లేచాయి. డయలప్ సర్వర్ త్వరగా లేచి అడ్రస్‌ల కోసం కేకేసింది. డీహెచ్‌సీపీ నడిపే పాత సర్వర్ ఇంకా డిస్కు తనిఖీ చేసుకుంటూనే ఉంది, పలకలేదు. ఆర్‌ఆర్ఏఎస్ 169.254తో సరిపెట్టుకుంది. అప్పటికి ఆఫీసులో ఎవరికీ ఏ లోటూ కనపడలేదు. సాయంత్రం బ్రాంచీలు డయల్ చేయడం మొదలుపెట్టాకే బయటపడింది. డీహెచ్‌సీపీ బాగా లేచిందని చూసుకుని, ఆర్‌ఆర్ఏఎస్ సేవ ఒక్కదాన్ని ఆపి మళ్లీ నడిపిస్తే మందు పడ్డట్టే. కాకినాడ అకౌంటెంటు రెండు నిమిషాలాగి మళ్లీ డయల్ చేస్తే 192.168తో మొదలయ్యే అడ్రస్ వస్తుంది.

కరెంటు పోకపోయినా ఇదే జబ్బు రావచ్చు. సర్వర్‌లో రెండు నెట్‌వర్క్ కార్డులుంటే, ఒకటి ఆఫీసు ల్యాన్‌కు, మరొకటి బయటి రూటర్‌కు పోతుంది. డయల్ చేసేవాళ్ల కోసం డీహెచ్‌సీపీ, పేర్లకు అడ్రస్‌లు చెప్పే డీఎన్ఎస్ సంగతులు ఏ కార్డు నుంచి తేవాలో ఆర్‌ఆర్ఏఎస్ ప్రాపర్టీస్‌లో ఒక గడి ఉంటుంది. అక్కడ బయటి కార్డు ఉంటే లోపలున్న డీహెచ్‌సీపీకి కేక వినపడదు. లేదా ఆఫీసులో కంప్యూటర్లు పెరిగి అడ్రస్‌ల శ్రేణి నిండిపోయి ఉండొచ్చు. 50 అడ్రస్‌ల శ్రేణిలో 45 కంప్యూటర్లుంటే అయిదు మిగులుతాయని ధీమాగా ఉంటారు. డయలప్ సర్వర్ ఒక్కడి కోసమైనా పది అడుగుతుందన్న సంగతి గుర్తుండదు. విండోస్ 2000 డీహెచ్‌సీపీలో అద్దె గడువు మామూలుగా ఎనిమిది రోజులు. వచ్చివెళ్లిపోయిన ఆడిటర్ ల్యాప్‌టాప్ పేరిట ఒక అడ్రస్ వారం పాటు తాళం వేసి ఉండిపోతుంది.

ఈ తలనొప్పి ఎందుకని స్థిరమైన పూల్ రాసిచ్చిన చోట ఇంకో రకం గొడవ. ఆ పూల్ డీహెచ్‌సీపీ శ్రేణితో కలిసిపోకూడదు. 192.168.1.140 నుంచి 149 వరకు డయలప్‌కు రాసిచ్చి, డీహెచ్‌సీపీలో వాటిని మినహాయించకపోతే, ఒకే అడ్రస్ కాకినాడ కంప్యూటర్‌కూ హెడ్డాఫీసు రెండో అంతస్తు కంప్యూటర్‌కూ దక్కుతుంది. ఇద్దరిలో ఎవరికెప్పుడు పని అవుతుందో చెప్పలేని పరిస్థితి. 'పొద్దున బాగానే ఉంది, మధ్యాహ్నం పోయింది, మళ్లీ దానంతటదే వచ్చింది' అన్న ఫిర్యాదు వింటే అనుభవజ్ఞులు ముందు వెతికేది ఇలాంటి జంట అడ్రస్‌నే.

అడ్రస్ సరైనదే వచ్చినా పని కాని సందర్భం మరొకటుంది, అదీ తెలుసుకోదగ్గది. ల్యాన్‌లో ఒక కంప్యూటర్ మరోదాన్ని వెతకాలంటే "ఫలానా అడ్రస్ ఎవరిది?" అని అందరికీ వినపడేలా అడుగుతుంది. దీన్ని ఏఆర్‌పీ అంటారు. ఫోన్ లైను అవతల ఉన్న కాకినాడ కంప్యూటర్‌కు ఆ పిలుపు చేరదు. దాని బదులు డయలప్ సర్వరే "నాది" అని పలికి, వచ్చిన ప్యాకెట్‌ను లైనులోకి తోస్తుంది. ఊరెళ్లిన పక్కింటివాళ్ల ఉత్తరం అందుకుని పంపించినట్టే. కాలర్‌కు ఇచ్చిన అడ్రస్ ఆఫీసు ల్యాన్ శ్రేణిలోదే అయితే ఈ సాయం చక్కగా నడుస్తుంది. పూల్‌ను 10.10.10 లాంటి వేరే శ్రేణిలో పెడితే అలా అడిగేవాళ్లే ఉండరు. ఆఫీసు కంప్యూటర్లు జవాబును తమ మామూలు రూటర్‌కు పంపుతాయి, దానికి దారి తెలియదు, పారేస్తుంది. పోయిన ప్యాకెట్ పోతుంది, తిరిగొచ్చేది రాదు. ఆ రూటర్‌లో 'ఈ శ్రేణికి దారి డయలప్ సర్వర్ మీదుగా' అని ఒక్క వరస రాస్తే సరి.

దీన్ని పట్టుకునే పద్ధతి పింగ్, అంటే ఒక అడ్రస్‌ను పిలిచి పలుకుతుందో లేదో చూడటం. ముందు తన అడ్రస్‌కు, తర్వాత సర్వర్ అడ్రస్‌కు, ఆపైన ల్యాన్‌లోని మరో యంత్రానికి, చివర్న పేరుతో. సర్వర్ దాకా పలికి ఆ పైన పలకకపోతే దారి లేదనో, సర్వర్‌లో ఐపీ రూటింగ్ ఆపేసి ఉందనో అర్థం. అంకెలతో పలికి పేరుతో పలకకపోతే అడ్రస్‌కు సంబంధం లేదు, డీఎన్ఎస్ చూసుకోవాలి. రెండు చివరలా 192.168.1 శ్రేణే ఉంటే మాత్రం పింగ్ కూడా తికమక పెడుతుంది. ఇంట్లో చిన్న నెట్‌వర్క్ ఉన్నవాడు ఆఫీసుకు డయల్ చేస్తే అతని కంప్యూటర్ హెడ్డాఫీసు సర్వర్‌ను పక్క గదిలో వెతుకుతుంది.

జబ్బు కాని వాటిని చూసి బెదిరినవాళ్లూ ఉన్నారు. డయలప్ కనెక్షన్‌కు ఐపీకాన్ఫిగ్ 255.255.255.255 అనే సబ్‌నెట్ మాస్క్ చూపిస్తుంది. పాత విండోస్‌లలో గేట్‌వే దగ్గర తన అడ్రసే మళ్లీ కనపడేది. రెండూ తప్పు కావు. ఫోన్ లైనుకు ఉండేవి రెండే చివరలు. ఇరుగుపొరుగు లేని చోట పేట హద్దులు గీయనక్కర్లేదు, ఏది పంపినా పోయేది అవతలి చివరకే. ఇది తెలియక మాస్క్ 'సరిదిద్దే' ప్రయత్నంలో మంచి కనెక్షన్లు చెడగొట్టుకున్నవాళ్లున్నారు.

పెద్ద ఇంటర్నెట్ సంస్థల దగ్గర తాళాలిచ్చే కౌంటర్ ఇంకొంచెం దూరాన ఉండేది. వందలాది మోడెమ్‌ల పెట్టెలు ఊళ్లలో, ఖాతాల పుస్తకం ఒక్కచోట. రెంటి మధ్య రాయబారి రేడియస్ అనే ప్రోటోకాల్. అమెరికాలోని లివింగ్‌స్టన్ ఎంటర్‌ప్రైజెస్ దాన్ని తయారుచేసింది. అందులో అడ్రస్ కోసం ఒక గడి ఉంటుంది. దాన్లో 255.255.255.254 అని ఉంటే 'నీ పూల్ లోంచి నువ్వే ఒకటి ఇచ్చుకో' అని మోడెమ్ పెట్టెకు చెప్పినట్టు. 255.255.255.255 ఉంటే 'వచ్చినవాడు కోరుకున్నది ఇవ్వు' అని. ఒక్క అంకె తేడాతో పెత్తనం చేతులు మారుతుంది. ఒకే వాడుకరికి ఎప్పుడూ ఒకే అడ్రస్ రావాలని ఆ గడిలో అసలు అంకెలు రాసి, అదే ఖాతాతో ఇద్దరు ఒకేసారి డయల్ చేస్తే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

డయలప్ మోడెమ్ దాదాపు వెళ్లిపోయింది. అమెరికాలో ఏఓఎల్ సంస్థ తన డయలప్ సేవను 2025 సెప్టెంబరు 30న మూసేసింది. పీపీపీ మాత్రం వెళ్లలేదు. 2005లో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ ఇళ్లలోకి వచ్చినప్పుడు డెస్క్‌టాప్ మీద యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కొట్టి డయల్ నొక్కినవాళ్లు వాడింది పీపీపీఓఈ. అంటే పీపీపీనే, ఫోన్ గంట లేకుండా, ఈథర్‌నెట్ మీద. తప్పు పాస్‌వర్డ్‌కు 691 అన్న పాత సంఖ్యే వచ్చేది. *99# కొట్టి కలిసిన డేటా డాంగిళ్లూ ఆ కుటుంబంవే. నేటికీ చాలా ఫైబర్ కనెక్షన్లలో రూటర్ నిశ్శబ్దంగా అదే సున్నాల ప్రశ్న పంపి, అదే నాక్ అందుకుని అడ్రస్ తెచ్చుకుంటోంది.

ఆ అడ్రస్ రూటర్ పేజీలో వ్యాన్ స్టేటస్ అన్నచోట కనపడుతుంది. ఈసారి ఇంట్లో ఇంటర్నెట్ ఆగితే కంప్లైంట్ నంబరుకు ఫోన్ చేసే ముందు ఒక్కసారి అక్కడ చూడండి. 0.0.0.0 ఉంటే పీపీపీ సంభాషణ పూర్తికాలేదు: పాస్‌వర్డో, అవతలి సర్వరో చూడాలి. 192.168తో మొదలైతే ఆ రూటర్ మరో రూటర్ వెనక ఉందన్నమాట. 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే సంస్థ ఒకే బయటి అడ్రస్‌ను ఎంతోమందికి పంచుతోంది. ఇంటర్నెట్ వస్తుంది గానీ, ఊరెళ్లినప్పుడు ఇంటి సీసీ కెమెరాను నేరుగా ఆ అడ్రస్‌తో చూడటం కుదరదు. 169.254 ఉంటే, అడ్రస్ ఇవ్వాల్సినవారు ఇవ్వలేదు. ఆ అంకెలు కాయితం మీద రాసి పెట్టుకుని, ఫోన్ ఎత్తినవారికి ముందు అవే చదవండి.